కాలా మోతియా పండే దాకా ఆగదు

మన ఇళ్లలో పెద్దల కంటి జబ్బులకు రెండు పేర్లు ప్రచారంలో ఉన్నాయి. ఒకటి మోతియా, రెండవది కాలా మోతియా. తెలుగులో మొదటిదానిని శుక్లాలు అనీ, రెండవదానిని నీటికాసులు అనీ అంటారు. డాక్టరు చీటీ మీద అవే కాటరాక్ట్, గ్లకోమా. రెండింటి పేరులోనూ మోతియా అన్న మాట ఉండటం వల్ల జరుగుతున్న నష్టం ఇంతా అంతా కాదు. మోతియాలో కంటి లోపలి కటకం మసకబారుతుంది. ఆపరేషన్ చేసి, ఆ కటకాన్ని తీసి కొత్తది అమర్చితే చూపు తిరిగి వస్తుంది. "ఇంకా పండలేదు, పండిన తరువాత చేయించుకుందాం" అని మన నానాలు, దాదీలు ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చారు. పూర్వం వైద్యులు కూడా ఆ మాటే చెప్పేవారు.

కాలా మోతియా విషయంలో ఆ మాట చెల్లదు. ఇక్కడ చెడేది కటకం కాదు, కంటిని మెదడుతో కలిపే నరం. ఆ నరంలో ఒకసారి చచ్చిన పోగును బ్రతికించే మందు గానీ, శస్త్రచికిత్స గానీ నేటి వరకు వైద్యుల చేతికి రాలేదు. పండే దాకా ఆగినవారికి మిగిలేది చీకటి ఒక్కటే.

రాయదుర్గంలో మాకు తెలిసిన ఒక కుటుంబం ఉన్నది. చుట్టూ అద్దాల మేడలు లేచినా, 2019 నవంబరులో మెట్రో రైలు అక్కడి దాకా వచ్చినా, పాత ఊరిలోని తమ ఇంటిని వదలని కుటుంబం అది. ఇంటి పెద్దకొడుకు ఐటీ కంపెనీల సిబ్బందిని రాత్రివేళ ఇళ్లకు చేర్చే క్యాబు నడిపేవాడు. యాభై దాటిన వయస్సు. కంటిలో నొప్పి లేదు, ఎరుపు లేదు, ఎదుటి బండి నెంబరు స్పష్టంగా చదవగలడు. అయితే పక్క నుంచి వచ్చే బైకులు ఉన్నట్టుండి ఊడిపడినట్లు కనిపించసాగాయి. మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు తప్పేది. అద్దాల దుకాణంలో ఏడాదిలో రెండుసార్లు అద్దాలు మార్చుకున్నాడు. అక్కడ ఎవరూ కంటి లోపలికి చూడలేదు. చివరకు ఆసుపత్రిలో చూసేసరికి రెండు కళ్ల నరాలూ సగానికి పైగా దెబ్బతిని ఉన్నాయి.

ఇటువంటిది హైదరాబాదులో అరుదైన సంగతి కాదని చెప్పడానికి ఈ నగరంలోనే జరిగిన ఒక పరిశోధన సాక్ష్యంగా ఉన్నది. బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు చెందిన వైద్యులు లలిత్ దండోనా నాయకత్వంలో 1996లో ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనాన్ని ఆరంభించారు. ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కించడం కాదు, జనం నుంచి ఎంపిక చేసిన వారిని పిలిపించి పూర్తిగా పరీక్షించడం దాని పద్ధతి. హైదరాబాదు నగరంలో 2,522 మందిని చూశారు. ఫలితాలు 2000వ సంవత్సరంలో ప్రచురితమయ్యాయి. నలభై దాటినవారిలో ప్రతి వందమందికి ఇద్దరు, ముగ్గురి చొప్పున నిదానంగా ముదిరే రకం గ్లకోమా ఉన్నట్లు తేలింది. నిశ్చయంగా జబ్బు ఉన్నవారు 27 మంది. ఆ 27 మందిలో తమకు జబ్బు ఉన్నదని ముందే తెలిసినవారు ఇద్దరే ఇద్దరు. 14 మందికి అప్పటికే నరం తీవ్రంగా దెబ్బతిన్నది.

ఇంకొక అంకెను పాఠకులు ప్రత్యేకంగా గమనించాలి. ఆ 27 మందిలో 18 మందికి పరీక్ష సమయంలో కంటి ఒత్తిడి 22 మిల్లీమీటర్ల కన్నా తక్కువే, అంటే మామూలు హద్దు లోపలే ఉన్నది. "నా కంటి ప్రెషరు నార్మల్ అన్నారు, నాకేమీ లేదు" అన్న ధీమాకు ఆధారం లేదని దీని అర్థం. ఒత్తిడి కొలిచి పంపించే పరీక్ష సగం పరీక్షే. నరాన్ని చూడాలి.

ఆ నరాన్ని చూడటం మానవునికి ఎంత ఆలస్యంగా సాధ్యమైందో తలచుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ పదకొండవ శతాబ్దంలోనే వెలుగు కంటిలోకి ప్రవేశించడం వల్ల చూపు కలుగుతుందని దృఢంగా వాదించాడు. అంతటి పండితుడు కూడా కంటి నరం లోపల బోలుగా ఉంటుందన్న గ్రీకుల అభిప్రాయాన్నే అనుసరించాడు. బ్రతికి ఉన్న మనిషి కంటి లోపలికి చూసే సాధనం ఆనాడు ఎవరి వద్దా లేదు మరి. 1851లో జర్మనీకి చెందిన హెల్మ్‌హోల్ట్జ్ ఆఫ్తాల్మోస్కోపును లోకానికి తెలిపిన తరువాతే వైద్యులు కనుపాప గుండా లోపలి నరాన్ని తమ కళ్లతో చూడగలిగారు.

అక్కడ వారికి కనిపించేది సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఒక గుండ్రని బిళ్ల. దానినే డిస్కు అంటారు. రెటీనా పొర నలుమూలల నుంచీ వచ్చే పది, పన్నెండు లక్షల సన్నని పోగులు అక్కడ ఒక చోట చేరి, జల్లెడ వంటి పొరలోని రంధ్రాల గుండా కంటి వెనుకకు దిగి మెదడు వైపు సాగిపోతాయి. బిళ్ల మధ్యలో చిన్న గుంట ఉంటుంది. గుంట చుట్టూ గులాబీ రంగులో కనిపించే అంచు ఆ పోగులతో ఏర్పడినదే. పోగులు చచ్చేకొద్దీ అంచు పలుచబడుతుంది, గుంట పెద్దదవుతుంది. చీటీ మీద 0.3 అనీ, 0.7 అనీ డాక్టరు రాసేది మొత్తం బిళ్లలో ఆ గుంట వాటా ఎంత అన్నదే. పుట్టుకతో బిళ్ల పెద్దదిగా ఉన్నవారికి గుంట కూడా పెద్దదిగానే ఉంటుంది. కాబట్టి అంకె ఒక్కటే చూసి భయపడరాదు. రెండు కళ్ల అంకెల మధ్య తేడా ఉన్నప్పుడు, అంచు పైభాగాన గానీ క్రింది భాగాన గానీ కొరికినట్లు సన్నబడినప్పుడు వైద్యుని అనుమానం బలపడుతుంది.

బిళ్లలో వచ్చే మార్పులు ఒక ఎత్తు, దాని చుట్టూ వచ్చే మార్పులు మరొక ఎత్తు. జబ్బు నిలకడగా ఉన్నదా, ముందుకు సాగుతున్నదా అన్నది చాలాసార్లు ఈ చుట్టుపక్కల ప్రాంతమే చెబుతుంది. డిస్కు అంచు మీద ఒక్కొక్కసారి దీపశిఖ ఆకారంలో సన్నని రక్తపు చార కనిపిస్తుంది. నొప్పి ఉండదు, రోగికి ఏమీ తెలియదు, కొన్ని వారాలలో దానంతట అది మాయమవుతుంది. కెనడా వైద్యుడు స్టీఫెన్ డ్రాన్స్ 1970 ప్రాంతంలో ఈ చారల ప్రాముఖ్యాన్ని మళ్లీ వైద్యలోకం దృష్టికి తెచ్చాడు. చార కనిపించిన చోటనే తరువాతి కాలంలో అంచు కరగడం, అదే దిశలో చూపు తగ్గడం తరచుగా జరుగుతాయి. మూడు నాలుగు నెలలకు ఒకసారి చూపించుకోమంటే "మొన్ననే కదా చూపించుకున్నాం" అని విసుక్కునేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆ చార ఉన్న రోజుల్లో వెళ్లకపోతే అది వచ్చి వెళ్లిన సంగతి కూడా ఎవరికీ తెలియదు.

రెండవది, డిస్కును ఆనుకుని నెలవంక వలె పాలిపోయి కనిపించే పట్టీ. అక్కడ రెటీనాకు ఆధారమైన పొర అరిగిపోయి ఉంటుంది. గ్లకోమా ముదిరేకొద్దీ ఇది విస్తరించడం కద్దు. అయితే దగ్గరి చూపు ఎక్కువగా ఉన్నవారికి, అంటే పెద్ద మైనస్ నెంబరు అద్దాలు ధరించేవారికి, జబ్బు లేకున్నా ఇటువంటి నెలవంక ఉంటుంది. వారి డిస్కు ఒక పక్కకు ఒరిగి కూడా ఉంటుంది. రాయదుర్గం, హైటెక్ సిటీ మేడల్లో పనిచేసే మన యువతీయువకులకు ఇది వర్తించే సంగతి. హెచ్చు మైనస్ ఉన్నవారికి గ్లకోమా వచ్చే అవకాశం ఇతరుల కన్నా అధికం, అదే సమయంలో వారి నరాన్ని చూసి జబ్బు పోల్చుకోవడం కష్టం. ఆఫీసులో జరిగే శిబిరంలో అక్షరాల పలక చదివించి "సిక్స్ బై సిక్స్" అని రాసి ఇస్తే, అది అద్దాల నెంబరుకు సంబంధించిన తీర్పు మాత్రమే.

మూడవది కంటికి తేలికగా అందని మార్పు. రెటీనా మీద పరుచుకున్న పోగుల పొర పలుచబడటం. నేడు ఓసీటీ అనే యంత్రం దానిని మైక్రాన్లలో కొలుస్తుంది. ఆరోగ్యవంతులలో ఇది సగటున 100 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది, వయస్సుతో పాటు కొద్దికొద్దిగా తగ్గుతుంది. తగ్గవలసిన దాని కన్నా వేగంగా తగ్గుతున్నదా అన్నదే ప్రశ్న. జబ్బు బాగా ముదిరిన వారిలో 50 దరిదాపులకు చేరిన తరువాత యంత్రం ఇక మార్పును పట్టలేదు. అప్పుడు చూపు విస్తృతిని కొలిచే ఫీల్డు పరీక్షే శరణ్యం. చీకటి గదిలో గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కే ఆ పరీక్షను మన పెద్దలు అసలు ఇష్టపడరు. మొదటిసారి చాలామందికి అది సరిగా రాదు. రెండవసారికి, మూడవసారికి అలవాటు పడతారు.

ఒక్క పరీక్షతో తేలేది కొంతే. నిరుటి కాగితాన్ని ఈ ఏటి కాగితం పక్కన పెట్టినప్పుడే జబ్బు నడక తెలుస్తుంది. పైగా ఒక కంపెనీ యంత్రం ఇచ్చిన అంకెను మరొక కంపెనీ యంత్రం అంకెతో పోల్చడం సరి కాదు. ఆసుపత్రి మారినప్పుడల్లా కొత్త ఫైలు తెరిచి, పాతది అటక మీద పడవేసే ఇళ్లలో జబ్బు ఎంత సాగిందో చెప్పే ఆధారం పోతున్నది.

నరం ఇంతగా నష్టపోతున్నా రోగికి ఎందుకు తెలియదు? ఒక కన్ను చూడని భాగాన్ని రెండవ కన్ను చూస్తుంది, మిగిలిన ఖాళీని మెదడు పూడ్చుకుంటుంది. నల్లని మచ్చ ఏదీ కనిపించదు, ఉండవలసిన వస్తువు కనిపించకుండా పోతుంది, అంతే. సుమారు మూడో వంతు పోగులు పోయిన తరువాత గానీ ఫీల్డు పరీక్షలో లోపం స్పష్టంగా బయటపడదు. నడిమి చూపు చివరి దాకా మిగులుతుంది. ఖుర్ఆన్ పారాయణం చేస్తూ, పత్రిక చదువుతూ ఉండే మనిషి పక్క నుంచి వచ్చే మనవడిని గమనించలేకపోవచ్చు.

చికిత్స మొత్తం ఒక్క పని మీదనే ఆధారపడి ఉన్నది. కంటి లోపలి ఒత్తిడిని తగ్గించడం. కంటి లోపల ఒక నిర్మలమైన నీరు నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉన్న సన్నని దారుల గుండా బయటికి పోతూ ఉంటుంది. కన్నీటికి, దీనికి సంబంధం లేదు. పోయే దారి సన్నగిల్లితే ఒత్తిడి పెరుగుతుంది, జల్లెడ పొర దగ్గర పోగులు నలుగుతాయి. మామూలు ఒత్తిడి వద్దనే నలిగే నరాలకు కూడా దానిని ఇంకా తగ్గించడమే రక్ష. స్వీడన్‌లో 255 మంది మీద జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. సగటున నాలుగో వంతు ఒత్తిడి తగ్గించినవారిలో జబ్బు ముదిరినది 45 శాతం మందికి, చికిత్స ఇవ్వనివారిలో 62 శాతం మందికి. ఒక్కొక్క మిల్లీమీటరు తగ్గింపుకు ముదిరే ప్రమాదం పది శాతం చొప్పున తగ్గినట్లు వారు లెక్కగట్టారు. చికిత్స పొందినా కొందరికి జబ్బు సాగింది. ఆ సంగతి దాచవలసిన అవసరం లేదు, అందుకే పరీక్షలు ఆపరాదు.

మేము పైన చెప్పిన పెద్దకొడుకు వైద్యుని ఒకే ప్రశ్న అడిగాడు. "డాక్టర్ సాబ్, రెండు నెలలుగా చుక్కలు వేసుకుంటున్నాను, చూపేమీ పెరగలేదు కదా?" ఈ ప్రశ్నే వేలమంది చేత మందు మాన్పిస్తున్నది. చుక్కలు చూపును పెంచవు. ఉన్నదానిని కాపాడతాయి, అంతవరకే. ఇక అతని తమ్ముడు, "నాకు బాగానే కనిపిస్తోంది భాయ్, నేనెందుకు?" అన్నాడు. తల్లిదండ్రులకు గానీ, తోడబుట్టినవారికి గానీ ఈ జబ్బు ఉన్నవారికి అది వచ్చే అవకాశం ఇతరుల కన్నా అనేక రెట్లు ఎక్కువ. ఆ ఇంట్లో అందరికన్నా ముందు పరీక్షకు వెళ్లవలసినవాడు ఆ తమ్ముడే.

రమజాన్ మాసంలో మరొక చిక్కు వస్తుంది. ఉపవాసం భంగమవుతుందేమోనన్న భయంతో నెల పొడవునా చుక్కలు మానేసే పెద్దలు మన మధ్య ఉన్నారు. కంటిలో వేసిన మందు వల్ల ఉపవాసం భంగం కాదన్నది హనఫీ, షాఫియీ ఫకీహుల అభిప్రాయం. మాలికీ, హంబలీ ఫకీహులు మాత్రం మందు గొంతు దాకా చేరితే భంగమవుతుందన్నారు. ఇస్లామీ దేశాల కూటమికి చెందిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ 1997లో జిద్దాలో జరిపిన పదవ సమావేశంలో, గొంతులోకి చేరినదానిని మింగకుండా జాగ్రత్తపడితే కంటి చుక్కల వల్ల ఉపవాసం భంగం కాదని తీర్మానించింది. సందేహం ఉన్నవారు తమ ఆలిమ్‌ను అడిగి మనస్సు కుదుటపరచుకోవచ్చు. వైద్యపరంగా కూడా ఒక ఉపాయం ఉన్నది. చుక్క వేసిన వెంటనే కన్ను మూసుకుని, ముక్కు వైపు ఉన్న కంటి మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు మెల్లగా నొక్కి ఉంచితే మందు గొంతులోకి దాదాపు దిగదు, కంటిలోనే ఎక్కువగా నిలుస్తుంది. ఉపవాసం లేని రోజుల్లో కూడా ఇదే సరైన పద్ధతి. రోజుకు ఒకసారి రాత్రి వేసే మందుకు రమజాన్‌లో మార్పే అవసరం లేదు. రెండుసార్లు వేసేదానిని సహరీకి, ఇఫ్తార్‌కు సర్దుకోవచ్చునా అని డాక్టరును ముందుగానే అడగాలి. ఒత్తిడి తగ్గించే మాత్రలు మింగేవారు షాబాన్ నెలలోనే ఆ సంప్రదింపు ముగించుకోవడం మేలు. ఇఫ్తార్ సమయంలో లీటరు నీళ్లు ఒక్క గుక్కన తాగితే కంటి ఒత్తిడి కొంతసేపు పెరుగుతుంది. అవే నీళ్లు నింపాదిగా తాగవచ్చు.

నమాజు గురించి కూడా కొందరు అడుగుతుంటారు. సజ్దాలో తల వంచినప్పుడు కంటి ఒత్తిడి పెరిగే మాట నిజమే. తల ఎత్తిన కొద్దిసేపటికి అది యథాస్థితికి వస్తుంది. ఈ కారణంతో సజ్దా మానమని వైద్యులు సాధారణంగా చెప్పరు. గ్లకోమా ఆపరేషన్ జరిగిన తొలి వారాలలో మాత్రం వంగవద్దని చెబుతారు. అప్పుడు కూర్చుని సైగతో నమాజు చేసే సౌలభ్యం షరీఅత్‌లో ఉండనే ఉన్నది.

ఆస్తమా ఉన్నవారు ఆ సంగతిని కంటి డాక్టరుకు చెప్పి తీరాలి. టిమొలాల్ అనే విరివిగా వాడే చుక్కల మందు వారి ఊపిరికి ప్రమాదం తేగలదు.

ఇంతవరకు చెప్పినది మౌనంగా ముదిరే రకం. కాలా మోతియాలో మరొక రకం ఉన్నది. నీరు పోయే మూల మూసుకుపోవడం వల్ల అది వస్తుంది. కొందరిలో ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, తల పగిలే నొప్పి, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు. పార్శ్వపు నొప్పి అనో, పైత్యం అనో ఇంట్లో మాత్ర వేసి పడుకోబెడితే రాత్రి తెల్లవారేలోగా కన్ను పోవచ్చు. హైదరాబాదు అధ్యయనంలో మూల మూసుకుపోయే గ్లకోమా 12 మందిలో కనిపించింది. వారిలో ఐదుగురు అప్పటికే ఒక కన్నో, రెండు కళ్లో పోగొట్టుకున్నారు. మూల ఇరుకుగా ఉన్నదని ముందే తెలిస్తే లేజరుతో కనుపాప పక్క పొరలో చిన్న రంధ్రం చేసి ఈ ప్రమాదాన్ని చాలా వరకు నివారించవచ్చు.

కొన్ని గ్లకోమాలు మనం కొని తెచ్చుకునేవి. దుమ్ముకు కళ్లు దురద పెడితే మందుల దుకాణంలో అడిగి తెచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉండవచ్చు. రెండు రోజుల్లో దురద పోతుంది, కనుక అదే సీసా నెలల తరబడి వాడతారు. స్టెరాయిడ్ చుక్కలు కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, కంటి ఒత్తిడిని విపరీతంగా పెంచుతాయి. కట్టడాల దుమ్ము ఎన్నడూ తగ్గని రాయదుర్గం వంటి చోట తల్లులు దీనిని గుర్తు పెట్టుకోవాలి. సుర్మా పెట్టుకోవడం ఎవరి ఆచారం వారిది కావచ్చు గానీ, దానివల్ల ఈ నరానికి ఒనగూడే మేలు లేదు.

పసిపిల్లల సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేము. పుట్టుకతో వచ్చే గ్లకోమా ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒకరికి ఉన్నట్లు పరిశోధకులు అంచనా వేశారు. దగ్గరి బంధువుల మధ్య వివాహాలు తరతరాలుగా సాగే కుటుంబాల్లో, అవి ముస్లిం కుటుంబాలు కానీయండి, మేనరికాలు చేసుకునే హిందూ కుటుంబాలు కానీయండి, ఇటువంటి జన్యు లోపాలు బయటపడే అవకాశం అధికం. "మాషా అల్లాహ్, ఎంత పెద్ద కళ్లో!" అని మురిసిపోతూ ఉంటాం. ఆ పెద్ద కళ్లు వెలుగు చూడలేక మూసుకుంటున్నా, ఊరికే నీరు కారుస్తున్నా, నల్లగుడ్డు పొగమంచు కమ్మినట్లు తెల్లబడుతున్నా మర్నాటి దాకా ఆగరాదు. ఈ పసికందులకు మందుల కన్నా శస్త్రచికిత్సే ప్రధానం. ఎల్.వి.ప్రసాద్ సంస్థలో ఈ ఆపరేషన్లకు జీవితాన్ని అంకితం చేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

రాయదుర్గం నుంచి షేక్‌పేట, టోలిచౌకీల మీదుగా మెహదీపట్నం వెళితే అక్కడ సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉన్నది. బంజారాహిల్స్‌లోని ఎల్.వి.ప్రసాద్ సంస్థ కూడా దూరం కాదు. ఎక్కడికి వెళ్లినా నలభై దాటినవారు, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవారు అడగవలసిన మాట ఒకటే: "కంటి ఒత్తిడితో పాటు నరం కూడా చూడండి, నీరు పోయే మూల ఎలా ఉన్నదో చెప్పండి." కనుపాపను విప్పార్చే చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటల పాటు అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ సహించదు. ఆ రోజు బండి నడపకుండా, ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని, పాత కాగితాల ఫైలు చేత పట్టుకుని వెళ్లండి.